శ్రీయుత పది నిమిషాలు గారికి

మహారాజరాజశ్రీ పది నిమిషాలు గారి సముఖమునకు,

తిరుపతి బైరాగిపట్టెడ నుంచి ఎర్రగడ్డల, అంటే ఉల్లిపాయల, బాధితుడొకడు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమందరం క్షేమం. కళ్లు మాత్రం ఇంకా కొంచెం మండుతున్నాయి. తమరు క్షేమంగానే ఉంటారని తెలుసు. తమరికేమవుతుంది, ఏమైనా అయ్యేది మాకే కదా. ఉభయకుశలోపరి.

తమరితో నా పరిచయం ఈనాటిది కాదు. "డాక్టరు గారు పది నిమిషాల్లో వచ్చేస్తారు" అంటే నమ్మి కూర్చుని, అక్కడున్న పాత పత్రికలో గళ్ల నుడికట్టు మొత్తం పూరించేశాను. "గుండీలు కుట్టడమే సార్, పది నిమిషాల పని" అన్న టైలరు చొక్కా చేతికిచ్చేసరికి, ఆ చొక్కా వేసుకుని వెళ్లాల్సిన పెళ్లి అయిపోయి, ఆ జంటకు బిడ్డ కూడా పుట్టింది. సర్వర్ పది నిమిషాల్లో వచ్చేస్తుందని ఒకసారి కౌంటర్లో చెప్పారు. ఆ సర్వర్ ఏ ఊరి నుంచి బయల్దేరాడో, దారిలో బస్సు చెడిపోయిందో, ఇప్పటికీ తెలీదు. అన్నీ మింగేశాను. మనుషుల నోట్లోంచి వచ్చే పది నిమిషాలు 'భోంచేసి వెళ్లండి' లాంటి మర్యాద మాట. అనేవాడూ గడియారం చూడడు, వినేవాడూ చూడడు.

కానీ మొన్న ఆదివారం తమరు నాకు ఫ్రెంచి ఆనియన్ సూపు రెసిపీలో దొరికారు. అక్కడే కడుపు మండింది.

రెసిపీ అంటే కొలత కదండీ. ఉల్లిపాయలు ఒక కిలో. వెన్న 50 గ్రాములు. మైదా ఒక స్పూను. బ్రెడ్డు ముక్కలు అంగుళం సైజు. ఇంత కచ్చితంగా తూచి చెప్పిన ఆ వీడియో తల్లే, మధ్యలో "ఒక పది నిమిషాలు అలా వేయించుకుంటే చక్కగా బంగారు రంగు వచ్చేస్తుంది ఫ్రెండ్స్" అంది. పక్కన 50 గ్రాములు గారు నిజం, ఒక స్పూను గారు నిజం. అంతమంది పెద్దమనుషుల మధ్య కాలు మీద కాలేసుకుని కూర్చున్నవాణ్ణి దొంగ అని ఎవడనుకుంటాడు?

అనంతపురం నుంచి మా బామ్మర్ది, వాళ్లావిడ, ఇద్దరు పిల్లలు పన్నెండున్నరకు వస్తామన్నారు. ఈసారి ఫ్రెంచి ఆనియన్ సూపు నేనే చేస్తానని ఇంట్లో ప్రకటించాను. వేయించడానికి పది, ఉడకడానికి ముప్పై, ఇంకో పది చేతిలో పెట్టుకుని పదకొండుంబావుకు పొయ్యి వెలిగిస్తే పన్నెండూ ఐదుకల్లా సూపు రెడీ. అమ్మ ఏమీ అనలేదు. రెండో పొయ్యి మీద సంగటికి ఎసరు పెట్టింది, అంతే. ఆ మౌనాన్ని నేను అప్పుడే అర్థం చేసుకోవాల్సింది.

నిజానికి రైతుబజార్లోనే శకునం చెప్పారు. "కిలో ఎర్రగడ్డలు ఏం చేస్తావు సామీ, పులుసుకా?" అని అడిగిందామె. సూపుకు అన్నాను. "అయ్యో, ఎవురికి జొరం?" అంది. చీజు కోసం ఒక అంగడిలో "గ్రూయెర్ ఉందా?" అంటే "అది ఏం కంపెనీ సార్?" అన్నాడు. రెసిపీలో అరకప్పు వైట్ వైన్ అనే మాట రాగానే అమ్మకు వినపడకుండా ఫోను సౌండు తగ్గించి, నిమ్మకాయతో సరిపెట్టాను. అసలు వాళ్ల దేశంలో ఇందులో పోసేది ఎద్దు ఎముకలు మరిగించిన నీళ్లు. ఆ ముక్క ఇంట్లో ఎవరికీ చెప్పనేలేదు. ఇవన్నీ చిన్న బాధలు. వీటి మీద నాకు కోపం లేదు.

కోతలో ఏడ్చానన్న కోపం కూడా లేదు. ఎర్రగడ్డ కోస్తే కన్నీళ్లు ఎందుకొస్తాయో, అందుకు కారణమైన ఎంజైమేదో జపాన్ శాస్త్రవేత్తలు 2002లో పట్టుకున్నారు. వాళ్లకు 2013లో ఇగ్ నోబెల్ ఇచ్చారు. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. నాకు నవ్వూ రాలేదు, ఆలోచనా రాలేదు. ముక్కు మాత్రం కారింది.

సరే, తమరి సంగతికి వస్తాను.

పదకొండుంబావుకు వెన్నలో ఎర్రగడ్డలు వేశాను. పదకొండు ఇరవై ఐదు. అంటే తమరి గడువు పూర్తయింది. బాండ్లీలోకి చూశాను. ముక్కలు తెల్లగా, నిగనిగలాడుతూ, నీళ్లలో ఈదుతున్నాయి. బంగారం సంగతి దేవుడెరుగు, పసుపు కూడా లేదు. పొయ్యి సన్నగా ఉందేమోనని పెంచాను. అంచులు మాడాయి, మధ్య పచ్చిగానే ఉంది. తగ్గించాను. పదకొండూ నలభైకి నీళ్లు ఇంకా ఎక్కువయ్యాయి, ఎక్కడి నుంచి ఊరాయో. పన్నెండుకు ముక్కలు మెత్తబడి, మా హాలు గోడకున్న పాత సున్నం రంగులోకి వచ్చాయి. పన్నెండుంబావుకు పలచటి టీ. అప్పుడు మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి "ఏమండీ, ఇంకా ఎంతసేపు?" అంది.

"పది నిమిషాలు" అన్నాను.

అవును, అన్నాను. ఆ మధ్యాహ్నం మొత్తం మీద మూడుసార్లు అన్నాను. తమరు అంటువ్యాధి అని నాకు అప్పుడే తెలిసింది.

అసలు కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఎర్రగడ్డలో పదింట తొమ్మిది వంతులు నీళ్లే. ఆ నీళ్లు ఉన్నంతసేపూ బాండ్లీలో వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. రంగు జోరుగా రావాలంటే 140 దాకా పోవాలి. నీళ్లు ఆవిరి కావాలి, ఆ తర్వాతే చక్కెరలూ ప్రొటీన్లూ కలిసి ఎర్రబడతాయి. ఈ రంగు కథను 1912లోనే మయార్ అనే ఫ్రెంచాయన కనిపెట్టి రాసిపెట్టాడు, అందుకే దాన్ని మయార్ చర్య అంటారు. ఫ్రెంచాయన చెప్పిన సంగతి ఫ్రెంచి సూపు రెసిపీలో ఉండదు, చూశారా.

"మసాలాకు నేను పది నిమిషాల్లోనే కదరా ఎర్రగా వేయిస్తా" అని అమ్మ అడిగింది. నిజమే. బిర్యానీకైతే ముక్కలు నూనెలో మునిగి తేలుతాయి, నీళ్లు బుసబుసమని పోతాయి. కూరకైతే అంచులు ఎర్రబడితే చాలు. దీనికి మాత్రం కిలో ముక్కలు గుట్టగా పడి, ప్రతి పోగూ లోపలి దాకా రంగు తిరిగి, జామ్ లాగా దగ్గరపడాలి. అది గంట పని. నిదానంగా చేస్తే గంటన్నర. పన్నెండూ నలభైకి ఓపిక చచ్చి, ఎవరో చెప్పగా విన్న చిట్కా గుర్తొచ్చి చిటికెడు వంటసోడా వేశాను. రంగు వచ్చింది, అబద్ధం చెప్పను. కానీ వేసిన మూల ముక్కలన్నీ చితికి, పసిబిడ్డకు తినిపించే గుజ్జులా అయ్యాయి. గబగబా గరిటెతో ఆ మూలంతా తీసేశాను.

ఈలోగా ఇల్లంతా వాసన. "అడుగంటింది రా!" అని అమ్మ పరుగెత్తుకొచ్చింది. అడుగంటడమే దీని గొప్పతనం, ఆ గోధుమరంగు పొరను కొంచెం నీళ్లు పోసి గీకి కలుపుకుంటేనే రుచి అని చెప్పాను. నలభై ఏళ్లు పాలగిన్నె గోకు గీకి మాకు పెట్టిన మనిషికి చెబుతున్నానన్న జ్ఞానం లేకుండా చెప్పాను. ఆమె నన్ను పక్కకు జరిపి, చెక్క గరిటె తీసుకుని, నాలుగు చుక్కల నీళ్లు చల్లి, అర నిమిషంలో అడుగంతా శుభ్రంగా లేపింది. "ఇంగ తిప్పు" అని గరిటె నా చేతికిచ్చి వెళ్లిపోయింది.

తిప్పుతూ తిప్పుతూ, ఏం తోచక, ఆ వీడియో మళ్లీ పెట్టాను. ఈసారి ఆమెను చూడలేదు. ఆమె వెనక గోడను చూశాను.

గోడకు గడియారం ఉంది సార్.

ఉల్లిపాయలు బాండ్లీలో వేసేటప్పుడు పదీ ఇరవై. "పది నిమిషాల తర్వాత చూడండి ఫ్రెండ్స్, ఎంత చక్కగా వచ్చిందో" అన్నప్పుడు పదకొండూ నలభై. ఆపి, వెనక్కి పోయి, వేళ్లతో పెద్దది చేసి మరీ చూశాను. గంటా ఇరవై నిమిషాలు. ఒక్క కత్తిరింపులో, కనురెప్ప కొట్టేలోగా, గంటా పది నిమిషాలు మింగేశావు కదరా!

ఏం, సిగ్గు లేదా నీకు? గంటన్నర అని చెబితే ఎవడూ చేయడనే కదా నీ భయం? చేసేవాడు చేస్తాడు, చేయనివాడు ఉప్మా చేసుకుంటాడు, నీకెందుకు? మా కొండ మీద ధర్మదర్శనానికి ఎన్ని గంటలు పడుతుందో రోజూ ముందే చెప్పేస్తారు. పద్దెనిమిది అంటే పద్దెనిమిది. అయినా జనం నవ్వుకుంటూ వెళ్లి నిలబడతారు, పులిహోర పొట్లాలు విప్పుకుంటారు, చంటిబిడ్డను ఒళ్లో జోకొడతారు. గంటలకు ఎవరూ భయపడరు రా. నువ్వు పది అని చెప్పి వంద చేస్తావే, అందుకు ఏడుపొస్తుంది. ఆ కొండ మీదే అసలు ఎర్రగడ్డ అన్న మాటే లేకుండా రోజూ వేలమందికి భోజనం పెడతారు. కింద నేను, ఎనిమిదిమందికి, ఒక్క కూర కూడా కాదు, సూపు...

క్షమించాలి. నోరు జారింది. తమరు పెద్దలు.

బ్రెడ్డు ముక్కల గురించి ఒక మాట. క్రూటాన్లని పేరు. ఫ్రెంచిలో పైపెచ్చు అనే మాట నుంచి పుట్టిన పేరట. నిన్నటి బ్రెడ్డు అయితే బాగుంటుందని బేకరీలో అడిగాను. "మా దగ్గర పాత సరుకు ఉండదు సార్" అని ఆయన ముఖం మాడ్చుకున్నాడు. తాజాదే కొని, ముక్కలు కోసి, పళ్లెంలో పరిచి, వడియాల్లాగా మిద్దె మీద పెట్టాను, కాకులు రాకుండా మా అమ్మాయిని కాపలా ఉంచి. అరగంటలో గలగలలాడాయి. ఆ రోజు చెప్పిన టైముకు పని చేసింది మా తిరుపతి ఎండ ఒక్కటే. తర్వాత దోసె పెనం మీద చెనిక్కాయల నూనె వేసి ఎర్రగా కాల్చాను. బేకరీ బ్రెడ్డు కదా, కొంచెం తియ్యగా ఉన్నాయి. అయినా కరకరలాడాయి, బంగారు రంగు వాటికి మాత్రం వచ్చింది. బామ్మర్ది పిల్లలు వచ్చీరాగానే ఆ గిన్నె కనిపెట్టారు. మా అమ్మాయి కారంపొడి డబ్బా తెచ్చింది. సూపు దిగేసరికి గిన్నెలో నాలుగు ముక్కలు, కొంచెం పొడి మిగిలాయి.

ఒకటీ ముప్పావు. పప్పు ఉడికిన కట్టు అమ్మ పక్కన తీసిపెట్టింది, ఎందుకని అడగలేదు, అదే పోసి మరిగించాను. కిలో ఎర్రగడ్డలు దగ్గరపడి రెండు గుప్పిళ్లయ్యాయి. రంగు మాత్రం, అబ్బ, తాటిబెల్లం పాకంలా ఉంది. ఎనిమిది గిన్నెల్లో పోసి, నాలుగు ముక్కలు ఎనిమిదిమందికి పంచలేక, అతిథులు నలుగురికీ తలా ఒకటి వేసి, పైన చీజు స్లైసు చింపి పెట్టి మూత వేశాను. 

మా బామ్మర్ది ఒక స్పూను తాగాడు. ఇంకొకటి తాగాడు. స్పూను పక్కన పెట్టి, సంగటి ముద్దలో బొటనవేలితో గుంట చేసి, గిన్నె ఎత్తి సూపంతా అందులో పోసుకున్నాడు. "బావా, ఈ పులుసు బాగుండాది. ఇంకుంటే పోయి" అన్నాడు. నాకు ముందు ప్రాణం పోయినట్టయింది. తర్వాత నేనూ అలాగే పోసుకుని తిన్నాను. పారిస్‌లో పెద్ద మార్కెట్ ఒకటి ఉండేది, 1969లో ఊరి బయటికి తరలిపోయేదాకా రాత్రంతా మూటలు మోసిన కూలీలు తెల్లవారుజామున ఇదే సూపు తాగేవాళ్లట. వాళ్లకు సంగటి దొరికుంటే బ్రెడ్డు జోలికి పోయేవాళ్లు కాదని నా అనుమానం. తియ్యగా, కొంచెం చేదుగా, నిమ్మకాయ పులుపుతో గొంతు దిగుతుంటే, తమరి మీద కోపం కూడా సగం దిగింది. తమరు నిజం చెప్పుంటే నేను ఆదివారం ఈ పని పెట్టుకునేవాణ్ణి కాదు. ఆ ఒక్క పాయింటు తమరికి ఇస్తున్నాను. మిగతా గంటా పది నిమిషాలు బాకీ. డైరీలో తమరి పేరు మీద రాసుకున్నాను.

సాయంత్రం వాళ్లకు రైలు. బట్టలు సర్దుకుంటూ బామ్మర్ది, "స్టేషన్‌కు ఎంతసేపు బావా?" అన్నాడు. తమరు నాలుక చివరిదాకా వచ్చారు. నేను పళ్లు బిగించి, ఆటో దొరకడం, ట్రాఫిక్కు, గేటు దగ్గర దిగి లోపలికి నడవడం, అన్నీ నిజాయితీగా లెక్కగట్టి "ముప్పావుగంట పెట్టుకో" అన్నాను. వాళ్లు పన్నెండు నిమిషాల్లో చేరుకున్నారు. రైలు పది నిమిషాలు లేటని ప్లాట్‌ఫారం మీద చెప్పారట. రాత్రి మా ఆవిడకు తమ్ముడు ఫోన్ చేశాడు. గంటన్నర బెంచీ మీద కూర్చున్నారట. ఆవిడ ఇప్పటిదాకా నాతో మాట్లాడటం లేదు.

ఇట్లు,
తమరి బాకీదారుడు కాని,
బాకీ రావలసినవాడు,
బైరాగిపట్టెడ, తిరుపతి.