కదలని వస్తువు కావలెను

మూడు లక్షల పది వేల రూపాయలు పోసి సైకిలు కొన్నవాడి మీద జాలిపడే అలవాటు మన సమాజానికి లేదు. ఉండవలసిన అవసరమూ లేదు. "ఆ డబ్బుతో మూడు స్కూటర్లు వచ్చేవి కదా బావా" అని మా బావమరిది అన్నప్పుడు నేను కూడా తలవంచుకుని ఊరుకున్నాను. అయితే తెలివితక్కువ ఖర్చుకైనా బీమా ఉండాలన్నది నాగరికత లక్షణమని నమ్మి, ఒక కంపెనీ వారి పాలసీ తీసుకున్నాను. ఆ పత్రం పదకొండో పేజీలో ఒక వాక్యం ఉంది: ఇంటి వెలుపల నిలిపినప్పుడు సైకిలును కదలని వస్తువుకు, ఫ్రేము గుండా గొలుసు వేసి, తాళంతో బంధించి ఉండవలెను. మూడు నెలలుగా నేను ఆ వస్తువు కోసం హైదరాబాదంతా గాలిస్తున్నాను.

అసలు పాలసీ దాకా రావడమే ఒక తపస్సు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను మోటారున్న ప్రతి బండికీ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అన్నది. సైకిలుకు మోటారు లేదు కనుక, ఆ చట్టానికి సైకిలుతో పని లేదు. ఫోనులో మాట్లాడిన అమ్మాయికి మాత్రం మోటారుతోనే పని పడింది. బండి నంబరు చెప్పమంది. నంబరు లేదమ్మా, సైకిలు అన్నాను. అయితే టెంపరరీ నంబరు చెప్పమంది. అదీ లేదన్నాను. ఇంజను ఎక్కడుందో చెప్పకపోతే కంప్యూటరు తరువాతి పేజీకి వెళ్లదని ఆమె దీనంగా చెప్పినప్పుడు, నా వల్ల ఒకరి ఉద్యోగం ఇబ్బందిలో పడరాదని తలచి, ఇంజను నేనేనని ఒప్పుకున్నాను. ఇంజను తయారైన సంవత్సరం అడిగింది. 1974 అన్నాను. "సారీ సార్, పదిహేనేళ్లు దాటిన వాటికి ఇవ్వలేము" అంది.

(ఒకప్పుడు మునిసిపాలిటీలు పన్ను కట్టించుకుని సైకిలుకు లైసెన్సు బిళ్ళ ఇచ్చేవి, దీపం లేకుండా రాత్రి తిరిగితే పోలీసులు ఆపేవారు, డబుల్స్ తొక్కితే జరిమానా వేసేవారు. మన దగ్గర పన్నో జరిమానానో తీసుకోవలసినప్పుడు సైకిలు బండే.)

ఎలాగో మరొక శాఖ ద్వారా పాలసీ చేతికొచ్చింది. ఇంటి సామాను బీమాల్లో పెడల్ సైకిలుకు ఎప్పటి నుంచో ఉన్న నిబంధనే ఇందులోనూ ఉంది: సైకిలుకు తగిలించిన విడి పరికరం దొంగతనానికి గురైతే, సైకిలు కూడా అదే సమయంలో పోయి ఉంటే తప్ప పరిహారం రాదు. అంటే మీ గంట ఎత్తుకుపోతున్న దొంగ కనిపిస్తే, కేకలు పెట్టకుండా దగ్గరికి వెళ్లి, నాయనా, శ్రమ అనుకోకుండా మొత్తం పట్టుకెళ్లమని బతిమాలుకోవాలి.

ఇక కదలని వస్తువు సంగతి. ఎనిమిది కిలోల సైకిలు కోసం లక్షలు పోసినవాణ్ణి, రెండున్నర కిలోల గొలుసు భుజాన వేసుకుని బయలుదేరాను. మొదట కరెంటు స్తంభం చూశాను. వానాకాలంలో ఇనుప గొలుసుతో దాన్ని కౌగిలించుకుంటే సైకిలు బీమా కన్నా ముందు జీవిత బీమా అక్కరకొస్తుందని లైన్‌మన్ హెచ్చరించాడు. వేపచెట్టు చూపించి కంపెనీకి ఫోటో పంపాను. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు చెట్లను వేళ్లతో సహా లేపి మరోచోట నాటే నగరమిది కనుక చెట్టు కదలదని హామీ ఇవ్వగలరా అని అడిగారు, ఇవ్వలేకపోయాను. పోలీసు బారికేడుకు చక్రాలున్నాయి. బస్ షెల్టరు నిరుడున్న చోట లేదు. చివరికి మెట్రో స్తంభం దగ్గర ఆగి, ఇది కదలదు, దీన్ని కదిలించే మొనగాడు ఇంకా పుట్టలేదు అని సంతోషించి గొలుసు తీశాను. దాని నడుము చుట్టూ తిప్పాలంటే నా గొలుసు లాంటివి ఇంకెన్నో కావాలి.

వంద కార్లకు నేలమాళిగలో చోటిచ్చిన ఒక మాల్‌లో సైకిలుకు చోటు లేదన్నారు. అక్కడి సెక్యూరిటీ గార్డు, పెద్దాయన, తన పాత సైకిలును జనరేటరు వెనక గోడకు ఆనించుకుంటాడు. "ఈడ పెట్టున్రి సార్, నేను చూస్త" అన్నాడు. గార్డు కదలని వస్తువు కాడని కంపెనీ తేల్చింది. కుర్చీలో కూర్చున్నప్పుడు కూడానా అని అడిగితే జవాబు రాలేదు.

2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి ప్రారంభించారు, పైన సౌర పలకల కప్పు కూడా వేశారు. అది మొదలయ్యేది నానక్‌రామ్‌గూడలో. దేశంలోని బీమా కంపెనీలన్నిటినీ నియంత్రించే సంస్థ కొలువుదీరిందీ నానక్‌రామ్‌గూడలోనే. ఇరుగుపొరుగు. అయితే ఆ నీడలోకి చేరడానికి నేను తొక్కవలసిన పది కిలోమీటర్లలో కప్పూ లేదు, దారీ లేదు, పక్క నుంచి దూసుకుపోయే టిప్పర్లున్నాయి.

కంపెనీ నా సైకిలుకు కట్టిన విలువ 2,79,000 రూపాయలు. ఏదో ఒక బండి నన్ను గుద్ది, ఆగకుండా పారిపోయి, ఆచూకీ దొరక్కపోతే, నేను చచ్చినందుకు నా భార్యాపిల్లలకు ప్రభుత్వ పథకం కింద వచ్చేది 2 లక్షలు. తీవ్రంగా గాయపడి బతికితే 50 వేలు. ఇదీ 2022 ఏప్రిల్ 1 నుంచి పెంచిన రేటు. అంతకు ముందు చావుకు 25 వేలు, గాయానికి 12,500. నా కార్బన్ చక్రాల జత 50 వేలకు రాదు. తాళం ఎక్కడ వేశావు, గొలుసు ఫ్రేములోంచి పోయిందా, రసీదేదీ అని పదకొండు పేజీలు అడిగినవాళ్లు, ఆ దారిలో మనిషి ఎలా బతికి ఇంటికి చేరతాడని ఒక్క వాక్యమైనా అడగరెందుకు? నాకైతే సరదా, ఆదివారం మానుకోగలను. రాత్రి పదింటికి డ్యూటీ దిగి, వెనక దీపం లేని సైకిలు మీద అదే టిప్పర్ల మధ్య ఇంటికి పోయే ఆ గార్డు దేన్ని మానుకోవాలి? ఆయన సైకిలు పోతే కేసు కూడా అంత తేలిగ్గా నడవదు. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర చట్టాల్లో 5 వేల లోపు దొంగతనం, మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయడానికి వీల్లేని నేరం. సిగ్గుండాలి మనకు.

మొన్న ఆయన నా సైకిలు వెనక మిణుకుమనే ఎర్ర లైటును చూసి ఎంతైందని అడిగాడు. నాలుగు వేలన్నాను. తన సైకిలు సెకండ్ హ్యాండులో అంతకన్నా తక్కువకే వచ్చిందన్నాడు. విడి పరికరం ఒంటరిగా పోతే పరిహారం రాదు కనుక, క్లెయిము బెడద ఎలాగూ లేదు కనుక, దాన్ని విప్పి ఆయన సీటు కింద బిగించాను. ఆయన వెనక్కి వెళ్లి, వంగి, కాసేపు దాన్నే చూశాడు.

"దీనికి తాళం ఎట్ల ఏస్తరు సార్?" అన్నాడు.