ఎడిషన్ సంగతి తర్వాత, ముందు వెర్షన్ అడగండి

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి పోటెత్తే రోజుల్లో అడ్తి దుకాణాలు, వేబ్రిడ్జిలు, కోల్డ్ స్టోరేజీల కంప్యూటర్లకు తీరిక ఉండదు. ఇలాంటి చోట్ల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వెనక తరచుగా ఉండేది, లెక్కలన్నీ దాచే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్. ఉచితంగా వచ్చే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ సరిపోతుందా, డబ్బు పెట్టి స్టాండర్డ్ కొనాలా అని యజమానులు చాలాసేపు ఆలోచిస్తారు. అది ఏ ఏడాది వెర్షన్ (2016, 2022 లాంటివి) అనేది మాత్రం ఇన్‌స్టాల్ చేయడానికి వచ్చినవాళ్ల పెన్‌డ్రైవ్‌లో ఏముంటే అదే! ఈ పద్ధతి మారాలి.

ఎందుకంటే ఎడిషన్‌ను తర్వాతైనా పెంచుకోవచ్చు. ఎక్స్‌ప్రెస్ నుంచి స్టాండర్డ్‌కు అదే సర్వర్ మీద, డేటా కదిలించకుండా మారొచ్చు. వెర్షన్ అలా కాదు. 2016 వెర్షన్‌లో తీసిన బ్యాకప్ 2022 వెర్షన్‌లో రీస్టోర్ అవుతుంది (తిరిగి ఎక్కుతుంది), 2022లో తీసింది 2016లో కాదు. పైగా ప్రతి వెర్షన్‌కూ గడువుంది. 2012 వెర్షన్‌కు 2022 జూలైలో, 2014 వెర్షన్‌కు 2024 జూలైలో మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. 2016 వెర్షన్‌కు 2026 జూలై 14 ఆఖరు. గడువు దాటాక భద్రతా సవరణలు కావాలంటే విడిగా డబ్బు కట్టాలి. రైతుల ఖాతాలు, బ్యాంకు వివరాలు ఉన్న డేటాను అలాంటి సర్వర్ మీద వదిలేయడం నాకు సమ్మతం కాదు.

ఇంకో సంగతి. ఎడిషన్ల హద్దులు కూడా వెర్షన్‌తో మారుతుంటాయి. 2022 వెర్షన్ వరకు ఎక్స్‌ప్రెస్‌లో ఒక డేటాబేస్ 10 జీబీ దాటకూడదు, అది నిండితే కొత్త ఎంట్రీ పడదు. 2025 వెర్షన్‌లో ఆ పరిమితి 50 జీబీ అయింది. అంటే 10 జీబీ నిండిందని స్టాండర్డ్ కొనబోయే మిల్లుకు కొత్త ఎక్స్‌ప్రెస్సే సరిపోవచ్చు. అసలు ఆ 10 జీబీ నిండింది వేబ్రిడ్జి ఫొటోలన్నీ డేటాబేస్‌లోనే దాచడం వల్లనేమో చూడాలి. ఫొటోలు ఫోల్డర్‌లో పెట్టి, అవి ఎక్కడున్నాయో ఆ దారి మాత్రం డేటాబేస్ టేబుల్‌లో రాసుకుంటే చాలు.

అయితే చెప్పిన వేళకు పనులు దానంతటదే చేసే ఏజెంట్ సర్వీస్ ఎక్స్‌ప్రెస్‌లో లేదు. రోజూ రాత్రి దానంతటదే బ్యాకప్ పడాలంటే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో విడిగా పెట్టుకోవాలి. అది పెట్టారా, ఆ ఫైలు వేరే డిస్క్‌కు వెళ్తోందా, ఎప్పుడైనా రీస్టోర్ చేసి చూశారా? ఈ మూడూ అడగకుండా సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఆఖరి బిల్లు కట్టొద్దు.

"మా సాఫ్ట్‌వేర్ పాతదాని మీదే నడుస్తుంది" అనే జవాబు వస్తుంది. చాలాసార్లు అది పూర్తి నిజం కాదు. 2022 సర్వర్ మీద కూడా డేటాబేస్ కంపాటిబిలిటీ లెవెల్‌ను (పాత వెర్షన్‌లా పనిచేయించే అమరికను) 2008 నాటి స్థాయిలో ఉంచి నడపొచ్చు. పరీక్షించడానికి డెవలపర్ ఎడిషన్ ఉచితం. కానీ దాని మీద అసలు వ్యాపారం నడిపితే లైసెన్స్ ఉల్లంఘనే. 2022 వెర్షన్ వరకు, అన్నిటికంటే పై ఎడిషన్ అయిన ఎంటర్‌ప్రైజ్ సదుపాయాలన్నీ అందులో ఉంటాయి కాబట్టి, అక్కడ నడిచిందల్లా ఎక్స్‌ప్రెస్‌లో నడుస్తుందన్న భరోసా లేదు.

హన్మకొండలో రాత్రింబవళ్లు నడిచే ప్రైవేటు ఆసుపత్రి అయితే స్టాండర్డ్ కొనడం న్యాయమే. ఎక్స్‌ప్రెస్ డేటా కోసం వాడుకునే మెమరీ సుమారు 1.4 జీబీ మాత్రమే, సర్వర్‌లో ఎంత ర్యామ్ ఉన్నా అంతే. కంప్యూటర్లు తక్కువుంటే ప్రాసెసర్ కోర్ల లెక్కన కాకుండా సర్వర్‌కో లైసెన్స్, వాడేవాళ్లకు తలా ఒకటి తీసుకునే పద్ధతి కూడా అడగాలి. ఎంటర్‌ప్రైజ్ అవసరమయ్యే మిల్లు మన చుట్టుపక్కల ఉంటుందని నేననుకోను.

కొత్తగా సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఉచిత డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌ను కూడా చూడాలి. అందులో ఎడిషన్ల గొడవ లేదు, ప్రతి ప్రధాన వెర్షన్‌కూ ఐదేళ్ల మద్దతుంటుంది.

మీ దగ్గరున్నది ఏదో తెలుసుకోవడం తేలిక. ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను నడిపించే మేనేజ్‌మెంట్ స్టూడియో ప్రోగ్రామ్‌లో సర్వర్ పేరు పక్కన ఒక నంబరు ఉంటుంది. 11తో మొదలైతే 2012, 12 అయితే 2014, 13 అయితే 2016. వీటిలో ఏది కనిపించినా మార్పిడి పని వానాకాలంలోనే పెట్టుకోండి. దసరా దాటి జిన్నింగ్ మిల్లులకు పత్తి రావడం మొదలైతే సర్వర్ ఒక్క పూట ఆపడం కూడా కష్టం.