డిమాండ్ ఉన్న యూనివర్సిటీయే మంచిదట!

"వేలమంది ఎగబడుతున్నారంటే అదే మంచి యూనివర్సిటీ" అంటూ 5 పాయింట్ల మెసేజ్ ఒకటి ఈ మధ్య ఏ గ్రూపు తెరిచినా కనబడుతోంది. పంపిన వాళ్లలో సగం మంది చదివి ఉండరు. నేను చదివాను, నా ఖర్మ.

ఏసీ క్లాసులు, స్విమ్మింగ్ పూల్ అన్నది మొదటి పాయింటు. వదిలేద్దాం.

రెండోది నాక్ (కాలేజీల నాణ్యత చూసి గ్రేడులిచ్చే జాతీయ సంస్థ) ఏ ప్లస్ ప్లస్. అది సంస్థ మొత్తానికిచ్చే గ్రేడు. మీవాడు చేరే బ్రాంచి సంగతి తెలియాలంటే ఒక్కో కోర్సును విడిగా పరిశీలించే ఎన్‌బీఏ గుర్తింపు ఉందో లేదో చూడాలి. అన్నట్టు 2025 ఫిబ్రవరిలో నాక్ తనిఖీ బృందంలోని వాళ్లనే సీబీఐ లంచం కేసులో అరెస్టు చేసింది.

మూడోది హయ్యస్ట్ ప్యాకేజీ. హోర్డింగు మీద నవ్వుతున్న ఆ ఒక్క పిల్లాడి జీతంతో మనకేం పని? వేలల్లో ఆఫర్లంటారు, ఒకరికి మూడొస్తే మూడూ లెక్కే. కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులకు పోటీపడే సంస్థలు తామిచ్చిన డేటాను వెబ్‌సైట్లో పెట్టాలి. ఆ పీడీఎఫ్ తెరవండి. ఎంతమంది చేరారు, టైముకు ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మీడియన్ జీతమెంత (అంటే జీతాల వరసలో సరిగ్గా మధ్యలో ఉన్నది), అన్నీ వరసగా ఉంటాయి. ఆ మీడియన్ కూడా ఉద్యోగం వచ్చినవాళ్లదే సుమా, రానివాళ్లు అందులో లేరు.

నన్ను మండించింది నాలుగోది: "కౌన్సెలింగ్ దాకా ఆగితే సీట్లు అయిపోతాయి, ఈరోజే అడ్వాన్సు కట్టి బ్లాక్ చేసుకోండి." ఇంజినీరింగ్ ప్రవేశపరీక్ష ఈఏపీసెట్ ర్యాంకు కూడా రాకముందే అప్పుచేసి కట్టేవాళ్లున్నారండీ! తీరా కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో, మంచి సీటొస్తే కట్టింది గోవిందా. రసీదు అడుగున చీమతలకాయంత అక్షరాల్లో "నాన్ రిఫండబుల్" అని ఉంటుంది. 2024-25 అడ్మిషన్లకు యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ ఏం చెప్పిందో తెలుసా? సెప్టెంబరు 30 లోపు మానుకుంటే మొత్తం ఫీజు వాపసు, అక్టోబరు 31 దాకా అయితే వెయ్యి రూపాయలకు మించి పట్టుకోకూడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని 2018లోనే చెప్పింది. కౌంటర్లో కూర్చున్నాయన ఇవేవీ చెప్పడు. కాలేజీ తనే ఇచ్చే మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదనీ చెప్పడు. పైగా సొంత పరీక్ష పెట్టి, రాసినవాళ్లకల్లా "కంగ్రాట్స్, స్కాలర్‌షిప్ వచ్చింది" అని మెసేజ్. ఎంత దయార్ద్ర హృదయమో!

ఇక ఐదోది, జనం ఎగబడటం. ఇందులో కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. మంచి ర్యాంకుల పిల్లలు చేరే చోటికే కంపెనీలు వస్తాయి, కంపెనీలు వస్తున్నాయనే మళ్లీ మంచి ర్యాంకుల పిల్లలు చేరతారు. పక్క బెంచీవాడు బాగా చదివితే మనవాడూ కాస్త పుస్తకం పడతాడు. కాబట్టి డిమాండ్ చూడండి, తప్పులేదు. కాకపోతే కౌన్సెలింగ్ సైట్లో పెట్టే నిరుటి లాస్ట్ ర్యాంకుల్లో చూడండి. బ్రాంచీలవారీగా, కేటగిరీలవారీగా ఉంటాయి. మేనేజ్‌మెంట్ సీట్లు ఎంత ర్యాంకు దాకా వెళ్లాయో మాత్రం అందులో దొరకదు.