ఫాక్నర్ నవలను నాలుగో భాగం నుంచి మొదలుపెట్టకండి

అమెరికన్ రచయిత విలియం ఫాక్నర్ నవల ‘ద సౌండ్ అండ్ ద ఫ్యూరీ’ గురించి ఒక సలహా బాగా ప్రచారంలో ఉంది. మొదటి భాగం పిచ్చివాడి అర్థంలేని మాటలట. రచయిత కావాలనే పాఠకుణ్ణి తికమకపెట్టాడట. కాబట్టి ముందు సారాంశమో, ఫాక్నర్ తర్వాత రాసిన అనుబంధమో చదివేసి, నాలుగో భాగం నుంచి మొదలుపెట్టాలట. ఎలాగూ ఇది చితికిపోయిన దొరల కుటుంబం కోసం కార్చిన కన్నీరే కనుక, పెద్దగా శ్రమపడనక్కర్లేదట! ఇందులో ఒక్క మాట కూడా నిలవదు.

మొదటి భాగం చెప్పే బెంజీ కాంప్సన్ ఇంటి కడపటి కొడుకు, వయసు 33 ఏళ్లు. మాటలు రావు, దేనివల్ల ఏది జరిగిందో తెలియదు. కానీ పుస్తకం మొత్తంలో అతి చిన్న, అతి తేలిక వాక్యాలు అతనివే. ఎవరేమన్నారో పొల్లుపోకుండా అప్పగిస్తాడు. చిక్కంతా కాలంతోనే. కంచె మేకుకు బట్ట తగులుకుంటే చాలు, 1928 నుంచి బాల్యంలోకి వెళ్లిపోతాడు. ఆ మార్పులకు గుర్తులు కథలోనే ఉన్నాయి. అతన్ని కనిపెట్టుకుని ఉన్న నౌకరు వెర్ష్ అయితే అది చిన్నతనం, టీపీ అయితే ఎదిగే వయసు, లస్టర్ అయితే 1928 ఏప్రిల్ 7. పోయిన పావు డాలరు నాణెం కోసం లస్టర్ వెతుకుతున్నాడంటే మనం వర్తమానంలో ఉన్నట్టే. కాలం మారే చోట చాలాసార్లు అక్షరాలు ఇటాలిక్స్‌లోకి మారతాయి. ఒక్కో కాలాన్ని ఒక్కో రంగు సిరాతో అచ్చువేయించాలని కూడా ఫాక్నర్ ఆశపడ్డాడు. ఆ కోరిక 2012లో ఫోలియో సొసైటీ అనే ప్రచురణ సంస్థ ప్రతితో తీరింది. పాఠకుణ్ణి తికమకపెట్టడమే ధ్యేయమైతే ఇన్ని ఆనవాళ్లు ఎందుకు వదులుతాడు?

నిజానికి కష్టమైనది రెండో భాగం, బెంజీ పెద్దన్న క్వెంటిన్‌ది. విరామచిహ్నాలు కూడా జారిపోయే ఆ పేజీల్లో నెమ్మదిగా వెళ్లడం తప్ప దారి లేదు. దాని ఊసెత్తకుండా మొదటి భాగాన్ని బూచిగా చూపడం అన్యాయం.

అనుబంధం ముందు చదవమనడం ఇంకా పెద్ద పొరపాటు. నవల వచ్చింది 1929లో, అనుబంధం రాసింది 1945లో. రెంటికీ పొసగని వివరాలున్నాయి. బెంజీ అక్క కాడీ కూతురు మేనమామ ఇంటి నుంచి పారిపోతూ నవలలో చెట్టు మీదుగా దిగుతుంది, అనుబంధంలో వాననీటి గొట్టం పట్టుకుని దిగుతుంది. ఈ నవలలో చెట్టు చిన్న విషయం కాదు. ఇంటి పెద్దావిడ చనిపోయినప్పుడు చిన్నారి కాడీ చెట్టెక్కి కిటికీలోంచి తొంగిచూస్తుంది. బురదంటిన ఆమె లోదుస్తులను అన్నదమ్ములు కింది నుంచి చూస్తారు. నవల మొత్తం ఆ దృశ్యం నుంచే పుట్టిందని ఫాక్నరే చెప్పాడు.

ఇక సారాంశం. క్వెంటిన్‌ను హార్వర్డ్‌లో చదివించడానికి పచ్చికబయలు అమ్మేశారని, అది గోల్ఫ్ మైదానమైందని అది ఒక్క ముక్కలో చెప్పేస్తుంది. నవల అలా చెప్పదు. ఆటగాళ్లు తమ సంచులు మోసేవాణ్ణి ‘కాడీ’ అని పిలుస్తారు, కంచె పట్టుకున్న బెంజీ ఏడుస్తాడు. దూరమైన అక్క పేరు అదేనని మనకింకా తెలియదు. ముందు ఆ ఏడుపు విని, కారణం తర్వాత తెలుసుకోవాలి. కారణమే ముందు అందితే ఆ ఏడుపు ఉత్త సమాచారమైపోతుంది.

దొరల కోసం కన్నీరు అన్నవారు మూడో భాగం దాకా వచ్చారా అని నా అనుమానం. కాడీ తన కూతురి కోసం పంపే డబ్బును, ఆ భాగం చెప్పే తమ్ముడు జేసన్ ఏళ్ల తరబడి కాజేస్తాడు, ఆ పిల్లకే నీతులు చెబుతాడు. తండ్రి తాగి పోయాడు, తల్లి మంచం దిగదు. కాంప్సన్ల ఇంటిని కూల్చింది కాంప్సన్లే. ఆ ఇంటిని ఇంకా నిలబెడుతున్నది నల్లజాతి వంటమనిషి డిల్సీ. నాలుగో భాగంలో వంటింటి గడియారానికి ఒకే ముల్లు, అది ఐదు కొడుతుంది. ఎనిమిదైందంటుంది డిల్సీ. తాత గడియారం ముళ్లు పీకేసి, ఆ రోజే ప్రాణం తీసుకున్న క్వెంటిన్‌ను చదివి వచ్చినవారికే ఆ ఒక్క మాట బరువు తెలుస్తుంది.

అందుకే వరుసలోనే చదవండి, మొదటి భాగంలో అర్థం కానిచోట ఆగకండి. నాలుగూ ముగించి బెంజీ దగ్గరికి తిరిగి వచ్చినప్పుడు వంశవృక్షం పక్కన పెట్టుకున్నా నష్టం లేదు.