నిద్ర లేక పేగులు చెడ్డాయా, పేగులు చెడి నిద్ర పోయిందా?

ఈమధ్య వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ లాంటి పేగుల జబ్బులు రాత్రిళ్లు మేలుకోవడం వల్లే వస్తాయట. నైట్ షిఫ్టులవాళ్లకీ, ఫోన్ వదలని కుర్రకారుకీ తప్ప, పల్లెల్లో వేళకు పడుకునేవాళ్లకు రావట. రోజూ తొమ్మిది, పది గంటలు పడుకుంటే పేగు దానంతటదే మానుతుందట, మాత్రలు అక్కర్లేదట. మా చెల్లెలికి అల్సరేటివ్ కొలైటిస్ ఉంది. ఆ మెసేజ్‌ని బంధువులు ఒకరి తర్వాత ఒకరు మా అమ్మకు పంపారు, ప్రేమతోనే. అది చదివాక "రాత్రిళ్లు చదువుకోనివ్వడం నా తప్పే" అని అమ్మ కుమిలిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

"నిద్ర లేకపోవడం వల్లే వస్తుంది" అన్నది మొదటి మాట. ఈ జబ్బుల్లో శరీర రక్షణ వ్యవస్థ సొంత పేగు మీదే విరుచుకుపడి, అక్కడ వాపు, పుండ్లు తెస్తుంది. దానికి ఒకే కారణం లేదు. జన్యువులు ఉన్నాయి: 2001లో క్రోన్స్‌తో సంబంధం ఉన్న నాడ్-2 జన్యువును గుర్తించారు, ఆ తర్వాత ఈ జబ్బులతో ముడిపడిన జన్యు స్థానాలు 200కు పైగా బయటపడ్డాయి. పేగుల్లోని సూక్ష్మజీవులు, తిండి, క్రోన్స్ విషయంలో సిగరెట్ కూడా లెక్కలోకి వస్తాయి. ఒక్క నిద్ర మీదే నేరం మోపడం కుదరదు.

నిద్ర గురించి గట్టి లెక్కలు కూడా ఉన్నాయి. అమెరికాలో లక్షన్నర మంది నర్సులను ఏళ్ల తరబడి గమనించి, 2014లో ఫలితాలు ప్రచురించారు. రోజుకు ఏడెనిమిది గంటలు పడుకునేవాళ్లలో ఏడాదికి లక్షకు 8 మందికి అల్సరేటివ్ కొలైటిస్ వచ్చింది. ఆరు గంటల కన్నా తక్కువ పడుకునేవాళ్లలో 11 మందికి వచ్చింది. తొమ్మిది గంటలు దాటి పడుకునేవాళ్లలో 20 మందికి! మెసేజ్ మందుగా చెప్పిన నిద్ర దగ్గరే జబ్బు ఎక్కువ కనిపించింది. ఎక్కువ నిద్రే జబ్బు తెచ్చిందని దీనర్థం కాదు. బయటపడక ముందే లోపల రగులుతున్న జబ్బు ఆ మనుషుల్ని నీరసపరిచి ఉండొచ్చు. ఇక క్రోన్స్‌కీ నిద్ర గంటలకీ ఆ పరిశోధనలో సంబంధమే కనబడలేదు.

నైట్ షిఫ్టుల మాటకు జవాబు కూడా అక్కడే ఉంది. రాత్రి డ్యూటీలు చేసిన సంవత్సరాలకూ ఈ రెండు జబ్బులకూ ముడి దొరకలేదు. పల్లెల సంగతి చూద్దామంటే, హైదరాబాద్‌లోని ఏఐజీ ఆసుపత్రి డాక్టర్లు తెలంగాణ గ్రామాల్లో పరీక్షలు చేసినప్పుడు అక్కడా ఈ జబ్బులు ఉన్నాయని తేలింది. ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ల జబ్బు అనుకుంటే, నెత్తురు పడుతున్నా మొలలేమోలే అని ఊరుకునే రైతుకు సరైన పరీక్ష అందేదెప్పుడు?

అసలు విషయం ఎక్కువగా తలకిందులుగా ఉంటుంది. నిద్రను మింగేది జబ్బే. జబ్బు తిరగబెట్టినప్పుడు రాత్రి నాలుగైదు సార్లు బాత్రూమ్‌కి పరుగెత్తాలి. వెళ్లొచ్చి పడుకుంటే కడుపులో మెలిపెడుతుంది, మళ్లీ లేవాలేమోనన్న టెన్షన్‌తో కన్ను మూతపడదు. నిద్రలోంచి లేపే విరేచనాలను డాక్టర్లు హెచ్చరికగా చూస్తారు. టెన్షన్‌కి కడుపు పాడయ్యే ఐబీఎస్‌లో సాధారణంగా అలా నిద్ర చెడదు. నెత్తురు పోయి ఐరన్ తగ్గితే పడుకోగానే కాళ్లు కదపకుండా ఉండలేని బాధ మొదలవ్వొచ్చు. జబ్బును అదుపు చేయడానికి ఇచ్చే ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్లు కూడా నిద్రను చెడగొడతాయి. ఇన్ని పడుతున్న మనిషితో "నువ్వు పడుకోకపోవడం వల్లే" అనడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

అలాగని నిద్రకూ పేగుకూ ఏమీ లేదని నేను అనను. నిద్ర తగ్గితే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) పెంచే టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 లాంటి రసాయనాలు పెరుగుతాయి. కొలైటిస్ తెప్పించిన ఎలుకలకు నిద్ర లేకుండా చేస్తే పేగు ఇంకా దెబ్బతింది. 2013లో వచ్చిన మరో అమెరికా పరిశోధనలో, జబ్బు సద్దుమణిగిన క్రోన్స్ రోగుల్లో నిద్ర సరిగా లేనివాళ్లకు ఆరు నెలల్లో అది మళ్లీ చురుగ్గా ఉండే అవకాశం దాదాపు రెట్టింపు కనిపించింది. అల్సరేటివ్ కొలైటిస్‌లో అలా కనబడలేదు. క్రోన్స్‌లో కూడా, లోపల మిగిలిపోయిన వాపే నిద్రను ముందుగా చెడగొట్టి ఉండొచ్చు. కాబట్టి నిద్ర చెడటాన్ని ఒక సూచనగా తీసుకోవాలి.

చివరిది, నన్ను అన్నిటికన్నా భయపెట్టిన మాట: "మాత్రలు అక్కర్లేదు." విరేచనాలు ఆగినంత మాత్రాన లోపల వాపు పోయినట్టు కాదు. జబ్బు సద్దుమణిగిన అల్సరేటివ్ కొలైటిస్ రోగుల మీద 2003లో వచ్చిన ఒక పరిశోధనలో, పేగు వాపును అదుపులో ఉంచే మెసలమైన్ మాత్రలు సరిగా వేసుకోనివాళ్లకు జబ్బు తిరగబెట్టే ముప్పు ఐదు రెట్లకు పైగా ఉంది. పెద్దపేగులో వాపు ఏళ్ల తరబడి ఉంటే క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. అందుకే జబ్బు మొదలైన ఎనిమిదేళ్ల నుంచి కొలనోస్కోపీతో, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి, చూస్తూ ఉండమంటారు. కొన్ని వారాలుగా వాడుతున్న స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకే రావచ్చు, దాన్ని డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ఈ జబ్బున్నవాళ్లు ఇంట్లో ఉంటే, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో డాక్టర్ అడగకపోయినా చెప్పండి. స్టెరాయిడ్ పొద్దున్నే వేసుకోవచ్చేమో, ఐరన్ పరీక్ష చేయించాలేమో అడగండి. నొప్పికి నిద్ర పట్టడం లేదని ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు మెడికల్ షాపులో సొంతంగా కొని వేసుకోకండి. అవి కొందరిలో ఈ జబ్బును రేపుతాయి.