చివరి పేజీ చిరిగిపోయినా చదవగలిగే పుస్తకాలు

హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లిన వారానికి, అంటే 2014 అక్టోబరు మూడో వారంలో, పెద్ద వాల్తేరులో మా దొడ్డమ్మ ఇంటి అటక మీది సామానంతా దించి డాబా మీద ఎండబెట్టాం. ఇత్తడి బిందెలూ, పాత ట్రంకు పెట్టె, విరిగిన ఉయ్యాల గొలుసుల మధ్య ఒక బైండు పుస్తకం దొరికింది. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు జాగ్రత్తగా చింపి, వరసగా పేర్చి, అట్ట వేయించి కుట్టించినది. ఒకప్పుడు చదివే అలవాటున్న ప్రతి ఇంట్లోనూ ఇలాంటివి రెండో మూడో ఉండేవి. వాన నీటికి అట్ట ఉబ్బిపోయింది. పేజీలు ఒకదానికొకటి అంటుకుపోతే, ఆరబెట్టిన అప్పడాల్లా ఒక్కొక్కటీ విడదీయవలసి వచ్చింది.

కుట్టించింది ఒక ప్రేమ నవల. కానీ ఏ పేజీ తిప్పినా వెనకవైపు మరేదో ఉంటుంది కదా. ఒకచోట డిటెక్టివ్ సీరియల్ ముక్క, ఒకచోట గోంగూర పచ్చడి చేసే విధానం, ఇంకోచోట ఎవరిదో సాంఘిక కథ మొదటి సగం. నాయిక కన్నీళ్లు పెట్టుకున్న పేజీ వెనకే ఎవరో తలుపు తాళం పగలగొడుతున్నారు. ఏ కథ ఏ అరలో ఉండాలో ఆ బైండుకు తెలియదు.

దానికి చివరి భాగం కూడా లేదు. ఆ వారం పత్రికను పక్కింటివాళ్లు చదివి ఇస్తామని పట్టుకెళ్లారట, మళ్లీ ఇవ్వలేదట. ఆ సంగతి చెప్పేటప్పుడు దొడ్డమ్మ గొంతు ఇప్పటికీ మారుతుంది.

అప్పటి నుంచి నాకొక పిచ్చి పట్టుకుంది. ఏ పుస్తకం చదివినా, దీని చివరి పేజీ చింపేస్తే ఏమవుతుందని ఆలోచిస్తాను. పుస్తకాల షాపులో అరల మీద అంటించే చీటీల కంటే ఈ పరీక్షే పుస్తకం సంగతి ఎక్కువ చెబుతుందని నా నమ్మకం. సాంఘికం, అపరాధ పరిశోధన, హాస్యం, నాటకం అని చీటీలు అంటించేది అమ్మేవాడి సౌకర్యం కోసం. చదివేవాడు కూడా ఆ అరల ప్రకారమే నడిస్తే, ఒక అరలో జీవితాంతం ఉండిపోతాడు. డిటెక్టివ్ చదివేవాళ్లకు కోర్టు కథల రావిశాస్త్రి మందు సీసాలా కనిపించడానికీ, రావిశాస్త్రి చదివేవాళ్లకు డిటెక్టివ్ పుస్తకం రైలు ప్రయాణంలో వేరుశనగకాయల పొట్లంలా కనిపించడానికీ కారణం అదే.

డిటెక్టివ్ నవల ఈ పరీక్షలో వెంటనే తప్పుతుంది. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌ను తీసుకోండి. మద్రాసులో ఉంటాడు, పక్కన అసిస్టెంట్ రాజు. పాఠకుడు చూసినవే అతనూ చూస్తాడు, కానీ నోరు విప్పడు. ఆ మౌనమే నవలను నడిపిస్తుంది. చివరి పేజీ చిరిగితే ఇక ఆ పుస్తకం పొయ్యిలోకే. అద్దె పుస్తకాల షాపుల కాలంలో చివరి పేజీ కొట్టేసి పుస్తకం తిరిగి ఇచ్చే దుర్మార్గులు ఉండేవాళ్లు. ఎవరూ సాంఘిక నవలకు ఆ శిక్ష వేయలేదు. నిజం ఒక్కడికే తెలియడం, అతను దాన్ని చివరిదాకా దాచడం, చెప్పగానే లోకం మళ్లీ సర్దుకోవడం, ఇదీ ఆ ప్రక్రియ ఒప్పందం. ఇందులో నాకు చిన్నచూపేమీ లేదు. లోకం సర్దుకుంటుందన్న నమ్మకం మనిషికి అప్పుడప్పుడూ కావాలి.

మరి అదే నేరం, అదే పోలీసు, అదే కోర్టు మన ఉత్తరాంధ్ర రచయితల చేతిలో పడితే ఏమవుతుంది? అంతా తలకిందులవుతుంది. ఇక్కడ నిజం వీధి వీధంతా తెలుసు. తెలియనట్టు కూర్చోవలసింది కోర్టు ఒక్కటే.

కన్యాశుల్కాన్ని సంఘ సంస్కరణ నాటకమని బడిలో చెప్పారు, మనం నమ్మాం. 1892లో తొలిసారి ప్రదర్శించి, 1897లో అచ్చువేసి, 1909లో గురజాడ దాదాపు తిరగరాసిన ఆ నాటకాన్ని ఒక్కసారి నేర కథగా చదివి చూడండి. పెళ్లికూతురు మాయమైంది. ముసలి పెళ్లికొడుకు లుబ్ధావధాన్లు ఆమెను చంపాడని కేసు. మధ్యలో చేతులు మారిన కంటె అనే ఒక మెడ నగ. విశాఖపట్నంలో వకీలు సౌజన్యారావు పంతులు. ఏ అపరాధ పరిశోధన నవలకైనా ఇంతకంటే ముడిసరుకు ఏం కావాలి? తేడా ఎక్కడంటే, చచ్చిపోయిందన్న పెళ్లికూతురు అసలు ఆడపిల్లే కాదనీ, కరటకశాస్త్రి శిష్యుడనీ ప్రేక్షకుడికి మొదటి నుంచీ తెలుసు. హత్య జరగలేదని తెలిసి కూడా మనం కేసును ఊపిరి బిగబట్టి చూస్తాం. సాక్ష్యాలు ఎలా పుడతాయో, ఎవరు ఎంతకు వంట చేసి వడ్డిస్తారో చూడటంలోనే ఆ ఉత్కంఠంతా ఉంది.

ఇక ఆ కేసును ఛేదించేది ఎవరు? సానిపిల్ల మధురవాణి. అందరి రహస్యాలూ ఆమె దగ్గర ఉన్నాయి. మగవేషం వేసుకుని వకీలు ఇంటికి వెళుతుంది. అసలు సంగతి బయటపెట్టి ముసలాయన ప్రాణం నిలబెడుతుంది, గిరీశం గుట్టు కూడా విప్పుతుంది. తెలుగు డిటెక్టివ్‌ల జాబితా ఎవరైనా వేస్తే మొదటి పేరు ఆమెదే వేయాలని నేను సగం వేళాకోళంగానూ సగం నిజంగానూ అంటుంటాను. సంస్కరణ అనే చీటీ అంటించిన పాపానికి ఆమె తెలివిని మనం ‘సానిపిల్ల మంచి మనసు’ కింద జమకట్టేశాం.

రావిశాస్త్రి దగ్గరికి వచ్చేసరికి ఈ తలకిందులు పూర్తవుతుంది. రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922-1993) విశాఖలో ప్లీడరు. బీదవాళ్ల కేసులు వాదించినవాడు, ఎమర్జెన్సీలో జైలుకు వెళ్లినవాడు. మద్యనిషేధం ఉన్న రోజుల కోర్టు ఆయన చేతికి దొరికింది. సారా కేసులు, వాయిదాలు, పోలీసు సాక్షులు, ప్లీడరు గుమస్తాలు, వరండాలో కూలబడిన ముద్దాయిలు. ‘ఆరు సారా కథలు’ అందులోంచి పుట్టాయి. ఆ తరువాతి సంపుటికి ‘ఆరు సారో కథలు’ అని పేరు పెట్టాడు. ఒక్క ఓత్వంతో సారాను దుఃఖం చేసిన మనిషి!

‘ఆరు సారా కథలు’లోని ‘మాయ’ కథ చూడండి. కొత్తగా నల్లకోటు వేసుకున్న మూర్తి అనే కుర్ర ప్లీడరు, సారా కేసులో ముద్దాయి ముత్యాలమ్మ. ఆమె నేరం చేసిందా లేదా అన్నది కథలో ప్రశ్నే కాదు. కేసు ఎందుకు వచ్చిందో పోలీసుకు తెలుసు, సీనియర్ ప్లీడరుకు తెలుసు, ముత్యాలమ్మకు అందరికంటే బాగా తెలుసు. తెలియనివాడు మూర్తి ఒక్కడే. అంటే ఈ కథలో పరిశోధకుడి కుర్చీలో కూర్చున్నవాడే అమాయకుడు, బోనులో నిలబడినదే గురువు. యుగంధర్ చివర్లో గదిలో అందరినీ కూర్చోబెట్టి నేరం ఎలా జరిగిందో విప్పి చెబుతాడు చూశారా, ఇక్కడ ఆ పని ముద్దాయి చేస్తుంది. చెప్పింది విన్నాక లోకం సర్దుకోదు. మూర్తికి రాత్రి నిద్ర పట్టకుండా పోతుంది, బహుశా మనకూ.

ఈ కథ చివరి పేజీ చింపేయండి. పెద్దగా నష్టం లేదు. మధ్యలో ఏ పేజీ తెరిచినా ముత్యాలమ్మ మాట్లాడుతూనే ఉంటుంది. నేను ఒకసారి గ్రంథాలయంలో తీసుకున్న రావిశాస్త్రి సంపుటిలో నిజంగానే కొన్ని పేజీలు ఎగిరిపోయాయి. ఫిర్యాదు చేయాలన్న ఆలోచన కూడా రాలేదు. ఆయన వాక్యం పాఠకుడిని ముగింపు వైపు తోయదు. ఉపమానం మీద ఉపమానం పేర్చుకుంటూ, మధ్యలో ఎవరినో ఎత్తిపొడుస్తూ, పూర్ణా మార్కెట్లో బేరమాడేవాళ్లలా అక్కడే నిలబెడుతుంది. ఇది ఆయన బలమే కానీ, ఒక్కోసారి బలహీనత కూడా అని ఒప్పుకోవాలి. కొన్ని నవలల్లో ఆ నిలబడటం ఎక్కువై కాళ్లు లాగుతాయి.

‘అల్పజీవి’ సుబ్బయ్యను కూడా నేను నేర కథల వరసలోనే పెడతాను. ఆఫీసు గుమస్తా, పిరికివాడు. కాంట్రాక్టరు గవరయ్య దగ్గర డబ్బు పుచ్చుకున్నాడు. ఇక ప్రతి అడుగుల చప్పుడూ అతనికి పోలీసే. పరిశోధకుడు లేడు, కోర్టు లేదు. ముద్దాయి, సాక్షి, న్యాయమూర్తి ముగ్గురూ సుబ్బయ్య బుర్రలోనే కాపురం ఉన్నారు. దీన్ని చైతన్యస్రవంతి నవల అని వర్గీకరించి ఊరుకుంటాం. గుండె దడదడలాడించే విషయంలో అది ఏ థ్రిల్లర్‌కు తీసిపోయింది?

రావిశాస్త్రి కోర్టును ప్లీడరు బల్ల వైపు నుంచి చూస్తే, బీనాదేవి న్యాయమూర్తి ఇంటి వైపు నుంచి చూశారు. ఆ పేరు వెనక ఉన్నది భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరమ్మ దంపతులు, ఆయన న్యాయమూర్తి. ఇద్దరి పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒకే కేసును రెండు కుర్చీల్లోంచి విన్నట్టు ఉంటుంది.

నా సిద్ధాంతం ఇంతవరకు హాయిగా నడిచింది. కారా మాస్టారు దాన్ని పాడుచేశారు. విశాఖ సెయింట్ ఆంథోనీస్ హైస్కూల్లో మూడు దశాబ్దాలకు పైగా పాఠాలు చెప్పిన కాళీపట్నం రామారావు 1960లలో రాసిన ‘యజ్ఞం’ కూడా ఒక తగవు కథే. సుందరపాలెంలో పంచాయతీ. అప్పల్రాముడి అప్పు సంగతి తేలాలి. శ్రీరాములునాయుడు ధర్మప్రభువు, కూర్చున్న పెద్దలంతా మర్యాదస్తులు. లెక్క అందరికీ తెలుసు, అప్పు ఎలా పెరిగిందో కూడా అందరికీ తెలుసు. ఇక్కడా నిజం దాగి లేదు. నా పరీక్ష ప్రకారం చివరి పేజీ లేకపోయినా ఫరవాలేదు.

కానీ ఆ చివరి పేజీలో అప్పల్రాముడి కొడుకు సీతారాముడు తన బిడ్డను చంపుకుంటాడు. వాడు కూడా ఆ అప్పు కింద పాలేరుగా బతకకూడదని. ఆ పేజీ చింపేస్తే ‘యజ్ఞం’ ఒక మంచి పంచాయతీ కథగా మిగిలిపోతుంది. ఆ పేజీ ఉండబట్టే ఇన్ని దశాబ్దాలుగా విమర్శకులు కొట్టుకుంటున్నారు. అలా చంపడం న్యాయమా, రచయిత అలా చంపించడం న్యాయమా అని. యుగంధర్ చివరి పేజీతో అందరూ నోరు మూసుకుంటారు, కారా చివరి పేజీతో అందరూ నోరు తెరుస్తారు. దీంతో నా పరీక్షను కొంచెం సవరించుకోవలసి వచ్చింది. చివరి పేజీ కావాలా వద్దా అని అడిగితే చాలదు, దాన్ని ఎందుకోసం దాచుకోవాలో కూడా అడగాలి.

ఇక వ్యంగ్య రచయిత కె.ఎన్.వై. పతంజలి. ఆయన గురించి ఎక్కువ రాస్తే నవ్వు పాడవుతుంది. అలమండ అనే ఊళ్లో భూమి బల్లపరుపుగా ఉందా గుండ్రంగా ఉందా అని మొదలైన గొడవ ‘గోపాత్రుడు’. అది కోర్టుకెక్కి ‘పిలక తిరుగుడు పువ్వు’ అయింది. భూమి ఆకారానికి సాక్షులు, క్రాస్ ఎగ్జామినేషన్! గురజాడ నుంచి రావిశాస్త్రి దాకా వచ్చిన ఆలోచనను పతంజలి దాని చివరి అంచుకు తోశాడంతే. నిజాన్ని కోర్టు నిర్ణయిస్తుందంటే, భూమి ఏ ఆకారంలో ఉందో కూడా కోర్టే నిర్ణయించాలి కదా. ఈ పుస్తకాన్ని హాస్యం అరలో పెట్టేవాళ్లకు దండం.

ఈ అరల గోడలను తన జీవితంతోనే దూకినవాడు ఆరుద్ర. విశాఖలోనే పుట్టాడు, 1925లో. ‘త్వమేవాహం’ రాసిన కవి, వేల సినిమా పాటల రచయిత, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ సంపుటాలు రాసిన పండితుడు. అదే చేత్తో ‘ఆణాకొక బేడ స్టాంపు’, ‘పలకల వెండిగ్లాసు’ అని డిటెక్టివ్ కథలు కూడా రాశాడు. ఆయన గురించి రాసేవాళ్లు ఈ చివరి సంగతిని ఒక వాక్యంలో, అది కూడా కాస్త ఇబ్బందిగా చెప్పి దాటేస్తారు. నాకైతే అది ఆయన పాండిత్యానికి తాళంచెవిలా కనిపిస్తుంది. ఒక ప్రాచీన కవి ఏ కాలం వాడో తేల్చడానికి శాసనం నుంచీ, అవతారిక నుంచీ, మరో కవి నోరుజారిన పద్యం నుంచీ ఆధారాలు కూడగట్టడం అపరాధ పరిశోధన కాక మరేమిటి? రెండు పనులూ చేసింది ఒకే బుర్ర.

ప్రేమ నవలను ఈ పరీక్షకు నిలబెట్టాలని నాకు ధైర్యం లేదు, అనుభవం కూడా తక్కువే. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో రాజశేఖరం, జయంతి ఒకరికొకరని చదువరికి మొదట్లోనే తెలుసు. తెలియనిది ఆ ఇద్దరికే. అలా చూస్తే యద్దనపూడి నాయిక, రావిశాస్త్రి కుర్ర ప్లీడరు దగ్గరి చుట్టాలే. లోకమంతటికీ తెలిసిన నిజాన్ని ఆలస్యంగా తెలుసుకునేవాళ్లు. ఈ మాట అంటే రెండు వైపుల అభిమానులూ నన్ను బీచ్ రోడ్డు మీద పరిగెత్తిస్తారని తెలుసు.

మొన్న ఈ ఆలోచనలన్నీ దొడ్డమ్మకు చెప్పాను. ఆమెకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు, నేనే చదివి వినిపిస్తుంటాను. ఆ బైండును ఎండబెట్టిన తరువాత మళ్లీ కుట్టించాం, టేకు బీరువాలో ఉంది. కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయంలో పాత పత్రికలు ఉంటాయి, మీ సీరియల్ చివరి భాగం దొరుకుతుందేమో వెళ్లి వెతికి వస్తానన్నాను. ఇన్నేళ్ల బాకీ తీరుతుందని ఎగిరి గంతేస్తుందనుకున్నాను.

“ఎందుకురా శ్రమ,” అంది. “వాళ్లిద్దరికీ పెళ్లి నేనెప్పుడో చేసేశాను. పిల్లలు కూడా పెద్దవాళ్లయిపోయారు. నువ్వు ఆ వెనక పేజీలో తాళం పగలగొట్టినవాడు ఎవరో కనుక్కుని రా.”