నందాను గుర్తుంచుకోవలసింది 1957 కోసం

గుల్జారీలాల్ నందా పేరు చెప్పగానే, రెండుసార్లు తాత్కాలిక ప్రధానిగా ఉన్న నాయకుడన్న పోటీ పరీక్షల వాక్యం ఒక్కటే చాలామందికి తోస్తుంది. 1964 మే 27న నెహ్రూ కన్నుమూసిన రోజునే ఆయన ప్రమాణం చేసి, జూన్ 9న లాల్ బహదూర్ శాస్త్రికి బాధ్యతలు అప్పగించారు. 1966 జనవరి 11న శాస్త్రి తాష్కెంట్‌లో మరణించాక మళ్లీ ఆయనే ప్రధాని అయ్యారు; 24న ఇందిరా గాంధీ ఆ స్థానంలోకి వచ్చారు. మన రాజ్యాంగంలో తాత్కాలిక ప్రధాని అనే పదవే లేదు కనుక ఆ రోజుల్లో ఆయన పూర్తి అధికారాలున్న ప్రధాని. అయినా ఆ కొద్ది రోజులతోనే ఆయనను తూచడం ఆయనకూ, ఈ దేశపు కార్మికులకూ అన్యాయమే.

1898లో సియాల్‌కోట్‌లో పుట్టిన నందా అలహాబాద్ విశ్వవిద్యాలయంలో కార్మిక సమస్యలపై పరిశోధన చేశారు. సహాయ నిరాకరణ ఉద్యమంలో చేరాక, 1922 నుంచి 1946 దాకా అహ్మదాబాద్ జౌళి కార్మికుల సంఘం మజూర్ మహాజన్‌కు కార్యదర్శిగా పనిచేశారు. మిల్లు కార్మికుడి ఇంటి ఖర్చు ఎంతో, కూలి ఎంతో దగ్గరుండి చూసిన ఆ అనుభవంతోనే ఆయన బొంబాయి రాష్ట్ర కార్మిక మంత్రి అయ్యారు, తర్వాత కేంద్రంలో ప్రణాళిక, కార్మిక శాఖలు చేపట్టారు.

ఆయన కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్న 1957లో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు కనీస వేతనానికి మొదటిసారిగా ఒక కొలత ఇచ్చింది. ఒక సంపాదనపరుడిపై ఆధారపడిన కుటుంబాన్ని మూడు వినియోగ యూనిట్లుగా (ఒక యూనిట్ అంటే ఒక వయోజనుడి వాడకం) లెక్కించాలని, ఒక్కో యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల ఆహారం, నలుగురి కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ప్రభుత్వ పారిశ్రామిక గృహ పథకం ప్రమాణం ప్రకారం ఇంటి అద్దె, ఇవి కాక వంటచెరకు, దీపం వంటి ఖర్చులకు మొత్తం వేతనంలో 20 శాతం ఉండాలని ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు కలిసి అంగీకరించాయి. యజమాని ఎంత ఇవ్వగలడన్న ప్రశ్నకు ముందు, మనిషి బతకడానికి ఎంత కావాలన్న ప్రశ్న నిలబడింది. కేంద్ర ఉద్యోగుల జీతాలను సమీక్షించిన రెండో వేతన సంఘం దీన్ని ఆమోదించలేదు. 1960 జులైలో కేంద్ర ఉద్యోగులు సమ్మెకు దిగినప్పుడు వారి ప్రధాన డిమాండ్లలో అవసరాల ఆధారిత వేతనం ఒకటి. 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఆ కొలతకు పిల్లల చదువు, వైద్యం వంటి వాటికోసం మరో 25 శాతం చేర్చింది.

హోంమంత్రిగా ఆయన రికార్డును వామపక్షాలు ఈనాటికీ తప్పుపడతాయి. 1964 చివర్లో పుచ్చలపల్లి సుందరయ్యతో సహా వందలాది సీపీఎం నాయకులను భారత రక్షణ నిబంధనల కింద నిర్బంధించింది ఆయన శాఖే. ఆ విమర్శ సరైనదే, దాన్ని నేను తోసిపుచ్చను. కానీ ఆ వామపక్షాల కార్మిక సంఘాలే ఇవాళ చర్చల బల్ల మీద పెడుతున్న వేతన సూత్రం నందా హయాంలో కుదిరినదే.

ఆ సూత్రం గతి ఏమైందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. కేంద్రం 2017లో జాతీయ కనీస స్థాయి వేతనాన్ని, అంటే ఏ రాష్ట్రంలోనూ కూలి అంతకన్నా తగ్గకూడదని సూచించే మొత్తాన్ని, రోజుకు 176 రూపాయలుగా నిర్ణయించింది. దాన్ని అమలు చేసి తీరాలన్న చట్టబద్ధత కూడా అప్పుడు దానికి లేదు. 2019లో కేంద్రం నియమించిన నిపుణుల బృందం, అనూప్ సత్పతి కమిటీ, 375 రూపాయలు సూచించింది. కుటుంబాన్ని 3.6 యూనిట్లకు పెంచి లెక్కించినా, ఆహారాన్ని మాత్రం 2,400 కేలరీలకు తగ్గించింది. అంత తగ్గించి లెక్కగట్టిన మొత్తం సైతం అప్పటి జాతీయ స్థాయికి రెట్టింపు కంటే ఎక్కువ. 2020లో, వేతన చట్టాలను ఒక్కటిగా కలిపిన వేతన కోడ్ ముసాయిదా నియమాల్లో పాత 2,700 కేలరీల కొలత మళ్లీ కనిపించింది గాని, కాగితం మీది కొలతకూ కూలీ చేతికి అందే డబ్బుకూ మధ్య దూరం అలాగే ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కనీస వేతనాల సవరణ కోసం కార్మిక సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాయి.

నందా 1998 జనవరిలో, నూరేళ్లకు కొద్ది నెలల ముందు, అహ్మదాబాద్‌లోనే మరణించారు. అంతకు ముందు ఏడాదే ఆయనకు భారతరత్న ప్రకటించారు. ఆయన మీద గౌరవం నిజమైతే, ప్రభుత్వాలు కనీస వేతనాన్ని 1957 కొలత ప్రకారం, 1991 తీర్పు చేర్చిన 25 శాతంతో కలిపి లెక్కగట్టి, ఏ ఖర్చుకు ఎంత తీసుకున్నారో ప్రతిసారీ ప్రజల ముందు పెట్టాలి.